ఆ పదకొండు మందికి ముందు రాయండి

ప్రశ్న: మూడేళ్లుగా చేతి సంచులు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. పోయిన ఏడాది నాన్నగారు చనిపోయాక ఆరు నెలలు కుట్టు మిషను ముట్టుకోలేకపోయాను. ముందే డబ్బు కట్టిన పదకొండు మందికి నెలల తరబడి జవాబు ఇవ్వలేదు. తరువాత డబ్బు తిరిగి పంపాను కానీ, ఒక్క మాట కూడా రాయలేదు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ నా పేజీలో సంచుల ఫొటోలు, రంగులు, కొలతలు తప్ప ఏమీ పెట్టలేదు. మనసు విప్పి రాస్తేనే మనుషులు దగ్గరవుతారని అందరూ అంటున్నారు. రెండు పేజీలు రాసి ఇక్కడ జతచేస్తున్నాను. పెట్టడానికి చేయి రావడం లేదు. బలహీనంగా కనిపిస్తే కొనేవాళ్లు తగ్గిపోతారా? ఎంతవరకు చెప్పాలి? బాధను అమ్ముకున్నట్టు అవుతుందా?

సమాధానం:

మీ రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. ఒకసారి మీరెవరో తెలియని మనిషిలా, ఒకసారి మీ సంచి కొన్న మనిషిలా, ఇంకొకసారి డబ్బు కట్టి సంచి అందని మనిషిలా. మూడోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అందుకే అసలు మాట ముందే చెబుతాను. ఈ పోస్టు తప్పకుండా పెట్టండి, కానీ ఈ వారం వద్దు. దానికంటే ముందు మీరు రాయవలసిన ఉత్తరాలు పదకొండు ఉన్నాయి.

నేను ఆగిన వాక్యం రెండో పేజీ చివర ఉంది: "ఆ రోజుల్లో కొన్ని ఆర్డర్లు కూడా ఆగిపోయాయి." నాన్నగారి గురించి అంత నిబ్బరంగా రాసిన మీరు, ఈ పదకొండు మంది దగ్గరికి వచ్చేసరికి ఒక క్రియ వెనక్కి వెళ్లిపోయారు. ఆర్డర్లు వాటంతట అవి ఆగవు కదండీ. మన భాషలో ఈ సదుపాయం చాలా ఉంది. ఆలస్యమైంది, పొరపాటు జరిగింది, అసౌకర్యం కలిగింది. ఎవరు చేశారో చెప్పకుండానే వాక్యం పూర్తయిపోతుంది. వ్యాపారంలో రాసే క్షమాపణలు చాలావరకు ఈ క్రియల మీదే నడుస్తాయి, చదివేవాళ్లు కూడా ఆ తేడాను పట్టేస్తారు. "జవాబు ఇవ్వలేదు" అని ప్రశ్నలో నాకు సూటిగా రాశారు. పోస్టులోకి రావలసింది ఆ మాటే. మీరు జతచేసిన పేజీల్లో రాయడానికి అన్నిటికంటే కష్టమైనది కూడా అదే. చేయి రాకపోవడానికి కారణం నాన్నగారి గురించిన భాగం ఒక్కటే కాదనీ, ఈ వాక్యం కింద కప్పిపెట్టిన సంగతి కూడాననీ నా అనుమానం.

అయినా మీ భయాన్ని తీసిపారేయను. జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ పరిశోధకులు 2018లో ఈ విషయం మీదే కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. తప్పు ఒప్పుకోవడం, సాయం అడగడం, ప్రేమను తానే ముందు చెప్పడం వంటి సందర్భాలను ఊహించుకోమన్నారు. ఆ పని వేరొకరు చేస్తే దాన్ని ధైర్యంగా, మెచ్చుకోదగినదిగా చూసినవాళ్లే, తాము చేస్తున్నట్టు ఊహించుకున్నప్పుడు అంత మంచిగా చూడలేకపోయారు. వాళ్లిచ్చిన వివరణ నాకు సబబుగా తోచింది. మన సంగతి మనకు మరీ దగ్గరగా, ప్రతి మరకతో సహా కనిపిస్తుంది. ఎదుటివారిది కాస్త దూరం నుంచి చూస్తాం కాబట్టి అందులోని మంచి కంటికి ఆనుతుంది. మీరు సిగ్గుపడుతున్నంతగా చదివేవాళ్లు మిమ్మల్ని తక్కువగా చూడరు.

"కొనేవాళ్లు తగ్గిపోతారా" అన్నదానికి ఇంకాస్త సూటిగా జవాబిచ్చే పాత ప్రయోగం ఒకటుంది. 1966లో ఎలియట్ ఆరన్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఇద్దరు సహ పరిశోధకులు కలిసి విద్యార్థులకు క్విజ్ రికార్డింగులు వినిపించారు. ఒకదానిలో అభ్యర్థి 92 శాతం ప్రశ్నలకు సరైన జవాబులిస్తాడు, ఇంకొకదానిలో 30 శాతానికే. కొన్ని రికార్డింగుల్లో చివర ఆ అభ్యర్థి కొత్త సూటు మీద కాఫీ ఒలకబోసుకుంటాడు. కాఫీ ఒలకబోసుకున్నాక మొదటివాడి మీద ఇష్టం పెరిగింది, రెండోవాడి మీద తగ్గింది. అంటే పని వచ్చినవాడి తడబాటు అతన్ని మనకు దగ్గర చేస్తుంది, పని రాని వాడి తడబాటు ఆ రానితనానికి తోడవుతుంది. మూడేళ్లపాటు ఫొటోలూ కొలతలూ తప్ప ఏమీ పెట్టలేదని మీరు నొచ్చుకుంటున్నారు కానీ, అది మీకు ఆ 92 శాతం లాంటిది. జిప్పు చివర రెండుసార్లు తిప్పి వేసిన కుట్టును, లోపలి అస్తరును దగ్గరగా తీసి చూపించారు చూడండి, ఆ ఫొటోలన్నీ ఇప్పుడు మీ పక్షాన నిలబడతాయి. నిన్న దుకాణం తెరిచి ఈ రోజే కన్నీళ్లతో మొదలుపెట్టేవాళ్లకు నేను ఈ సలహా ఇవ్వను.

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఆ క్రియ వెనక నేనూ దాక్కున్నాను. చిన్న వ్యాపారాలకు రాతపనిలో సాయం చేయడానికి ముందు చాలా ఏళ్లు పుస్తకాలు అచ్చువేసే పనిలో ఉన్నాను. ఒక రిటైరైన ఉపాధ్యాయుడు తన జ్ఞాపకాలు రాసుకుని, ఐదు వందల ప్రతులు మా దగ్గర వేయించుకున్నారు. పదహారేసి పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలను (వాటిని ఫారాలు అంటాం) మడిచి, వరుసగా పేర్చి, కుట్టి, అట్ట వేసి పంపించాం. ఆవిష్కరణ రోజున ఆయన వేదిక మీద పుస్తకం తెరిచి, తన తల్లి గురించి రాసిన భాగం చదవడం మొదలుపెట్టారు. 32వ పేజీ తిప్పగానే 49 వచ్చింది. మూడో ఫారం, నాలుగో ఫారం తారుమారయ్యాయి. ఆయన ఒక్క క్షణం ఆగి, పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పి, తరువాతి వాక్యాలు జ్ఞాపకం మీద చెప్పేశారు. సభలో చాలామందికి తెలియనే లేదు. మూడో వరుసలో కూర్చున్న నాకు తెలిసింది.

ఆ రాత్రే దీని గురించి మా ఖాతాదారులందరికీ ఒక లేఖ రాశాను. అందులో ఉన్నదంతా నేనే. నాకు నిద్ర పట్టకపోవడం, ఇన్నేళ్ల పేరు పోయిందన్న దిగులు, ఈ వృత్తి మీద నాకున్న ప్రేమ. "ఫారాలు తారుమారయ్యాయి" అన్న మాట ఒక్కసారి వచ్చింది, అదీ పేరాగ్రాఫు మధ్యలో. మర్నాడు బైండింగు విభాగంలో నాకంటే పెద్దావిడ అది చదివి ఒకే మాట అడిగారు: "ఆ మాస్టారికి ఏమైందో ఇందులో ఎక్కడుంది?" ఎక్కడా లేదు. ఆ లేఖ చించేశాను.

ముందు ఆయన ఇంటికి వెళ్లాను. ఐదు వందల ప్రతులూ వెనక్కి తెప్పించి, అట్టలు విప్పి, ఫారాలు సరిచేసి, కొత్త అట్టలతో పంపించాం. ఆ తరువాత ఆయన అనుమతి తీసుకుని రెండో లేఖ రాశాను. "మేము మూడో ఫారాన్నీ నాలుగో ఫారాన్నీ తారుమారు చేసి కుట్టాం. సరిచూడకుండా పంపించాం. రచయిత నిండు సభలో తన పుస్తకాన్ని తాను చదవలేకపోయారు." తరువాత ఏం మార్చామో రాశాను. అప్పటి నుంచి ప్రతి ఫారం వీపు మడత మీద ఒక నల్లటి గుర్తు వేయడం మొదలుపెట్టాం, ఒక్కొక్క ఫారానికి కాస్త కిందికి జరుపుతూ. అన్నీ వరుసలో ఉంటే పుస్తకం వీపు మీద ఆ గుర్తులు మెట్లలా దిగుతాయి. ఒక్కటి తప్పినా మెట్టు విరిగి కనిపిస్తుంది. అచ్చు పనిలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, మేము బద్ధకించి మానేశాం. ఆ బద్ధకం సంగతి కూడా రాశాను.

ఆ లేఖ చూసి నన్ను ఓదార్చినవాళ్లు తక్కువే. కానీ తరువాతి రెండేళ్లు, పుస్తకం వేయించుకోవడానికి వచ్చినవాళ్లలో చాలామంది "ఆ మెట్ల గుర్తు మా పుస్తకానికి కూడా వేస్తారు కదా" అని అడిగారు. మొదటి లేఖే పంపి ఉంటే నా నిద్ర గురించి అడిగేవాళ్లేమో.

అందుకే మీ విషయంలో రెండింటిని విడదీసి చూడమంటున్నాను. కొనేవాళ్లకు తగిలిన దెబ్బ ఒకటి, మీకు మాత్రమే తగిలిన దెబ్బ మరొకటి. రెండూ చెప్పవచ్చు కానీ వాటి గడువులు వేరు. మొదటిదానికి ఆలస్యం పనికిరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున వాడకందారుల సమాచారం ఉన్న అసలు డేటాబేసునే చెరిపేశాడు. దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి. ఐదు రకాల బ్యాకప్ పద్ధతులు పెట్టుకుని కూడా, అవసరం వచ్చేసరికి ఏ ఒక్కటీ సరిగా పనిచేయడం లేదని తేలింది. వాళ్లు ఆ మాటను అలాగే బయటపెట్టారు. మరమ్మతు జరుగుతుండగానే తాము రాసుకుంటున్న పని నోట్సును అందరూ చూసేలా తెరిచి ఉంచారు, యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేశారు. సుమారు ఆరు గంటల సమాచారం పోయింది. పోగొట్టుకున్నవాళ్లు తమ పనిని గురించి వెంటనే నిర్ణయాలు తీసుకోవాలి కాబట్టి వాళ్లకు ఆ నిజం ఆ గంటలోనే అవసరం. మీ పదకొండు మందికి కూడా అలాంటి అవసరమే ఉండింది, అప్పుడు మీరు చెప్పగల స్థితిలో లేరు. ఆ తప్పును నేను తక్కువ చేయను, మీ దుఃఖాన్నీ తక్కువ చేయను. ఇప్పుడు చెప్పగల స్థితిలో ఉన్నారు, అది చాలు.

రెండో రకానికి గడువు లేదు. అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ తన సంస్థ బర్క్‌షైర్ వాటాదారులకు 1989 సంవత్సరానికి రాసిన వార్షిక లేఖలో, తొలి పాతికేళ్లలో చేసిన తప్పులను ఒక భాగంగా పెట్టారు. ఆ పట్టికలో మొట్టమొదటిది, అప్పట్లో బట్టల మిల్లు కంపెనీగా ఉన్న ఆ బర్క్‌షైర్‌ను కొనడమే. ఆ మిల్లు పనికి భవిష్యత్తు లేదని తెలిసి కూడా ధర చవకగా ఉందని కొన్నానని రాశారు. మిల్లు 1985లో మూతపడింది. లేఖ రాసేనాటికి ఆ తప్పు ఆయనకు పూర్తిగా అర్థమైంది కాబట్టే కారణాన్ని అంత తేటగా చెప్పగలిగారు. నాన్నగారు పోయిన దుఃఖం గురించి మీరు ఈ ఏడాది రాయకపోయినా ఎవరికీ ఏమీ బాకీ పడరు.

మీ మొదటి పేజీ ఆసుపత్రిలో గడిపిన చివరి పది రోజుల గురించి. అది చదువుతూ నేను చాలాసేపు కదలలేకపోయాను. అయినా దాన్ని పెట్టవద్దనే చెబుతాను. అందులో నాన్నగారి శరీరం ఉంది, అమ్మగారి మాటలు ఉన్నాయి, అన్నయ్యతో జరిగిన గొడవ ఉంది. ఆ పది రోజులు మీ ఒక్కరివి కావు. అమ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ "పెట్టు" అన్నా సరే, మీ అన్నయ్య భాగం తీసేయండి. బంధువులు చూస్తారని భయమని రాశారు కదా, ఆ భయం నిజానికి ఈ పేజీ గురించే అయి ఉంటుంది. తనది కాని సంగతిని చెబుతున్నామని లోపల తెలిసినప్పుడు కూడా చేయి ఆగుతుంది, అలాంటప్పుడు దాని మాట వినడమే మంచిది.

ఆ పేజీ వృథా అనుకోకండి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాల చొప్పున, తమ జీవితంలోని కష్టమైన సంఘటనల గురించి రాయించారు. జరిగినదాన్నీ, దానివల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లు రాసిన వెంటనే ఇంకా దిగులుపడ్డారు. కానీ తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. వాళ్లు రాసింది ఏ పత్రికలోనూ రాలేదు, ఏ స్నేహితుడూ చదవలేదు. రాయడం చేసే మేలుకు పాఠకులు అక్కరలేదు. మొదటి పేజీ చేయవలసిన పని అది చేసే ఉంటుంది, సొరుగులో ఉంచుకోండి. రాత్రుళ్లు ఇప్పటికీ నిద్ర లేకపోతే మాత్రం ఒక డాక్టరుతోనో కౌన్సెలరుతోనో మాట్లాడండి. కొనేవాళ్లు ఎంత మంచివాళ్లయినా ఆ పనికి సరిపోరు.

మరి పోస్టులో ఏముండాలి? మీ రెండో పేజీ మధ్యలో మీరే దాటేసిన ఒక వాక్యం ఉంది. "ప్రతి ఆదివారం నాన్న నా మిషనుకు నూనె వేసేవారు. ఆరు నెలల తరువాత కూర్చుంటే చక్రం తిరగలేదు, నూనె చుక్కలు ఎక్కడెక్కడ వేయాలో నాకు తెలియదు." అది చదివాక ఆసుపత్రి పేజీ అవసరం ఎవరికీ ఉండదు. ఆయన ఎవరో, మీకేమయ్యేవారో, పని ఎందుకు ఆగిందో అన్నీ ఆ బిగుసుకుపోయిన చక్రంలో ఉన్నాయి. అది పూర్తిగా మీ సంగతి, మీ సంచుల సంగతి. మిషను తల వెనక్కి వాల్చి, షటిల్ దగ్గర పేరుకున్న దుమ్ము తీసి, మొదటిసారి మీరే నూనె వేసుకున్న రోజు గురించి ఇంకో నాలుగు వాక్యాలు రాయండి. తరువాత "ఆ ఆరు నెలలు పదకొండు మందికి నేను జవాబు ఇవ్వలేదు" అన్న మాట. తరువాత ఏం మార్చారో.

ఆ మార్పు విషయంలో మీ పేజీల్లో ఏమీ లేదు, అది పెద్ద లోటు. మళ్లీ ఏదైనా జరిగితే ఎవరు కబురు చెబుతారు? ఒకేసారి ఎన్ని ఆర్డర్లు తీసుకుంటారు? సంచి కుట్టడం మొదలుపెట్టాకే డబ్బు తీసుకోవడం మీకు వీలవుతుందా? వీటిలో ఒక్కదానికైనా గట్టి జవాబు దొరికే దాకా పోస్టు ఆపండి. అది లేకుండా పెడితే చదివినవాళ్లు జాలిపడతారు, డబ్బు కట్టడానికి మాత్రం సందేహిస్తారు. ఆ సందేహం న్యాయమైనదే.

ఒక వాక్యం మాత్రం పూర్తిగా కొట్టేయండి: "మొదటి ఏడాది కుట్టిన సంచులు చూస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది, వాటిని ఎలా కొన్నారో." వినయంగా రాశారని నాకు తెలుసు. కానీ ఆ సంచుల్ని ఇప్పటికీ భుజానికి తగిలించుకుని తిరుగుతున్నవాళ్లు ఇది చదువుతారు. 1991లో బ్రిటన్‌లో జెరాల్డ్ రాట్నర్ అనే నగల వ్యాపారి ఒక పెద్ద సభలో, తాము ఒక వస్తువును అంత చవకగా ఎలా అమ్మగలుగుతున్నామంటే అది ఉత్త చెత్త కాబట్టి అన్నాడు. అందరూ నవ్వారు. కంపెనీ విలువ కుప్పకూలింది, మరుసటి ఏడాది ఆయనను తొలగించారు, ఆపైన కంపెనీ తన పేరునే మార్చుకుంది. ఆయన దాపరికం లేకుండానే మాట్లాడాడు, ఆ మాట తగిలింది మాత్రం కొన్నవాళ్లకు. మొదటి సంచుల్లో నిజంగా లోపం ఉంటే, ఉదాహరణకు పట్టీ కుట్టు ఊడుతుంటే, అది సూటిగా రాసి బాగుచేసి ఇస్తానని చెప్పండి. అలాంటి నిజాలు మీరు ఎప్పుడైనా రాయవచ్చు. ఈ ముదురు నీలం మొదటి ఉతుకులో కాస్త రంగు వదులుతుంది, ఈ సంచి ల్యాప్‌టాప్ బరువుకు పనికిరాదు. ఇంట్లో విషయాలు బయట చెప్పడం ఇష్టం లేని వ్యాపారులు నా దగ్గరికి చాలామంది వస్తారు. వస్తువు గురించిన ఇలాంటి నిజాలు నాలుగు రాయమని వాళ్లకు చెబుతాను, వాళ్లకు అది సరిపోతుంది.

బాధను అమ్ముకోవడం గురించి అడిగారు. ఆ ప్రశ్న అడిగారంటేనే మీరు జాగ్రత్తగా ఉన్నారని అర్థం. నేను పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: అలాంటి పోస్టు కింద ధర, తగ్గింపు, కొనే లింకు ఏవీ ఉంచను. కొత్త సంచుల ఫొటోలు కనీసం వారం తరువాత పెట్టండి. నాన్నగారి పేరుతో ఒక సంచి తయారుచేద్దామన్న ఆలోచన రాశారు కదా, దాన్ని ఈ ఏడాదికి పక్కన పెట్టండి. వచ్చే ఏడాది కూడా అది మంచి ఆలోచనగానే అనిపిస్తే అప్పుడు చూద్దాం.

పెట్టాక రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. తమ తండ్రుల గురించి రాసేవాళ్లు చాలామంది వస్తారు. అందరికీ పొడవైన జవాబులు ఇవ్వనక్కర లేదు, వాళ్లు రాసిన దానిలోంచి ఒక్క వివరం పట్టుకుని ఒక్క వాక్యం రాస్తే వాళ్లకు అందుతుంది. కోపంగా రాసేవాళ్లు కూడా ఉండవచ్చు. ఆ పదకొండు మందిలో ఎవరైనా మీ ఉత్తరం కంటే ముందు ఈ పోస్టు చూశారనుకోండి, "ఊరందరికీ చెప్పారు, నాకు చెప్పలేదు" అనుకుంటారు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు.

కాబట్టి ఆ ఉత్తరాలు. అందరికీ ఒకే ప్రతి పంపకండి, ఎవరి సంచి ఏదో పేరు పెట్టి రాయండి. ఇలా మొదలుపెట్టవచ్చు:

"మీరు మార్చిలో ఆకుపచ్చ సంచి కోసం డబ్బు కట్టారు. నేను ఐదు నెలలు మీకు జవాబు ఇవ్వలేదు. మీరు మూడుసార్లు మెసేజ్ పెట్టారు, మూడూ చదివాను. ఆ సమయంలో మా నాన్నగారు పోయారు. అయినా ఒక్క వాక్యం రాసి ఉండవలసింది, రాయలేదు. డబ్బు తిరిగి పంపినప్పుడు కూడా ఏమీ చెప్పలేదు. క్షమించండి. మీరు మళ్లీ కొనాలని ఇది రాయడం లేదు."

చదివాను అన్న మాట తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ఎదురుచూసినవాళ్లకు అన్నిటికంటే తెలుసుకోవాలని ఉండేది అదే. కొందరు వెంటనే జవాబిస్తారు, కొందరు ఇవ్వరు. పది రోజులు చూసి, జవాబు రానివాళ్లకు మళ్లీ రాయకుండా ఊరుకోండి. ఆ పది రోజుల్లో పోస్టు తిరగరాసి నాకు పంపండి, ఈసారి నూనె చుక్కతో మొదలుపెట్టి.